రెండు తీగలు, నడుమ ఆరంగుళాల గాలి

చల్లపల్లి నుంచి మ్యాపు మీద తిన్నగా గీత గీస్తే హైదరాబాద్ సుమారు 300 కిలోమీటర్లు. విశాఖపట్నం కూడా ఇంచుమించు అంతే. చెన్నై ఇంకో నలభై యాభై ఎక్కువ. హామ్ రేడియో పెట్టుకునేవాడికి ఈ ఊరు నచ్చడానికి ఈ లెక్కొక్కటి చాలు. ఈ దూరాలకి చేతిలో పట్టుకునే వీహెచ్‌ఎఫ్ సెట్టు పనికిరాదు. దాంతో నేరుగా బెజవాడ అందుకుంటేనే గొప్ప. 14 మెగాహెర్ట్జ్ తరంగమేమో ఈ ఊళ్లన్నిటినీ దాటేసి ఎక్కడో దూరాన దిగుతుంది. నడుమ మిగిలిపోయిన ఈ మేరంతా కలిపేవి రెండు బ్యాండ్లు, 40 మీటర్లూ 80 మీటర్లూ. మెగాహెర్ట్జ్‌లో చెప్పాలంటే 7.1 చుట్టుపక్కల ఒకటి, 3.6 చుట్టుపక్కల ఒకటి.

వీటి తరంగం దాదాపు నిట్టనిలువునా పైకెళ్లి, రెండు మూడు వందల కిలోమీటర్ల ఎత్తున ఉండే అయనోవరణం దగ్గర వంగి, చుట్టూ నాలుగైదు వందల కిలోమీటర్ల మేర దిగుతుంది. మనం భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి పగలు ఆ పొర దట్టంగా ఉండి 7 మెగాహెర్ట్జ్‌ని నిలువుగా వెళ్లినా వెనక్కి పంపుతుంది. రాత్రి పొర పలచబడి 7 పైకి జారిపోతే 3.6 పని అందుకుంటుంది. ఇలా ఆకాశంలోకి పంపడానికి టవరు అక్కర్లేదు. పది మీటర్ల ఎత్తున రెండు కొబ్బరిచెట్ల నడుమ కట్టిన తీగ యాంటెనా, అంటే డైపోల్, సరిపోతుంది. 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే తీగ పొడవు మీటర్లలో వస్తుంది. 7.1కి 20 మీటర్లు, 3.6కి 40 మీటర్లు. దివిసీమ గుమ్మంలో కొబ్బరిచెట్లకు కరువేముంది?

డైపోల్ గురించి ఎవరిని అడిగినా ఈ తీగ గురించే చెబుతారు. ఎంత పొడవు, ఎంత ఎత్తు, ఏ దిక్కు. తీగ నడిమి నుంచి రేడియో గదిదాకా దిగే ఫీడ్ లైను సంగతి వచ్చేసరికి బజార్లో ఏది దొరికితే అది కొని తెచ్చుకుంటారు. ఆ లైనులో ఎంత పనితనం దాగి ఉందో చూపించడానికే ఈ పరిచయం. ముఖ్యంగా కొట్లో దొరకని, చేత్తో అల్లుకోవాల్సిన ఒక లైనుని పరిచయం చేయాలని ఉంది.

ముందు కొట్లో దొరికేదాని సంగతి. నడుమ ఒక రాగి తీగ, దాని చుట్టూ పాలిథీన్, దానిపైన జడలా అల్లిన రాగి వల, పైన నల్లటి తొడుగు. దీన్నే కోయాక్స్ అంటాం. ఇప్పుడు మనం వాడే రూపంలో దీన్ని అమెరికాలో బెల్ ల్యాబ్స్ ఇంజనీర్లు ఎస్పెన్‌షీడ్, ఆఫెల్ తీర్చిదిద్దారు. 1931లో పేటెంటు వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం దాన్ని కిలోమీటర్ల కొద్దీ తయారుచేయించింది, యుద్ధం అయ్యాక మిగులు సరుకు హామ్‌ల చేతికొచ్చింది. అప్పటినుంచి ఫీడ్ లైను అంటే కోయాక్స్ అనే అలవాటు పాతుకుపోయింది.

అలవాటు తప్పేం కాదు. పది మీటర్లు కిందికి, ఇంకో ఇరవై మీటర్లు పెరడు దాటి గదిదాకా, మొత్తం 30 మీటర్ల కేబుల్ అనుకుందాం. సన్నటి ఆర్‌జీ-58 అయితే 3.6 మెగాహెర్ట్జ్ దగ్గర పంపిన 100 వాట్లలో ఎనభై పైచిలుకు పైకి చేరతాయి. 7.1 దగ్గర డెబ్బై ఏడో ఎనిమిదో. చిటికెనవేలంత లావుండే ఆర్‌జీ-213 అయితే 3.6 దగ్గర తొంభై రెండు, 7.1 దగ్గర ఎనభై తొమ్మిది. అవతలి ఊళ్లో వింటున్నవాడి చెవికి ఈ రెంటికీ తేడా తెలియదు. పై బ్యాండ్లలో ఇదే కేబుల్ సగం పవరు తాగేస్తుందని భయపడి, ఆ భయాన్నే కింది బ్యాండ్లకూ మోసుకొచ్చి, వేలకు వేలు పోసి లావు కేబుల్ కొనేవాళ్లున్నారు. ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ నష్టం తగ్గుతుంది. లో బ్యాండ్ మనకు చేసే మొదటి ఉపకారం ఇదే.

వినడంలో ఇంకో ఉపకారం. ఈ బ్యాండ్లలో వినపడే రొదంతా బయటినుంచి వచ్చేదే. ఎండాకాలం సాయంత్రం ఎక్కడో తెలంగాణ మీద మెరుపు మెరిసినా 80 మీటర్లలో చిటపటమంటుంది. కేబుల్ ఒక డెసిబెల్ తినేస్తే సిగ్నలూ రొదా కలిసే తగ్గుతాయి, వాటి నిష్పత్తి మారదు. కాబట్టి లైను నష్టం పంపేటప్పుడే లెక్క, వినేటప్పుడు కాదు. హైదరాబాద్‌లో అష్హర్ ఫర్హాన్ రూపొందించిన బిట్‌ఎక్స్ 40 లాంటి ఏడు వాట్ల సెట్టు ఉన్నవాడు మాత్రం పంపేటప్పుడు లెక్క చూసుకోవాల్సిందే. ఏడులో ఆర్‌జీ-58 ఒకటిన్నర తినేస్తుంది.

లైనులో వెనక్కి తిరిగొచ్చే తరంగం ఎంతో చెప్పే అంకె ఎస్‌డబ్ల్యూఆర్. దాని మీద హామ్‌లకు ఉన్న భక్తి గురించి ఇక్కడే ఒక మాట. మీటరు 1.1 చూపిస్తే పండగ, 2 చూపిస్తే దిగులు. ఆర్‌సీఏ సంస్థలో ఉపగ్రహాలకు యాంటెనాలు రూపొందించిన వాల్టర్ మాక్స్‌వెల్ అనే అమెరికన్ హామ్ 1973 నుంచి క్యూఎస్‌టీ పత్రికలో వరుసగా వ్యాసాలు రాసి ఈ భక్తిని సున్నితంగా ఉతికేశాడు. లైనులోనే నష్టం తక్కువున్నప్పుడు వెనక్కి వచ్చిన తరంగం మళ్లీ పైకే పోతుంది, ఎక్కడా మాయమైపోదు. లెక్క వేసి చూడండి. అదే 30 మీటర్ల ఆర్‌జీ-213, అదే 3.6. ఎస్‌డబ్ల్యూఆర్ 1 అయితే 92 వాట్లు చేరతాయి, 3 అయితే 88. ఆ నాలుగు వాట్ల కోసం చెట్టెక్కి తీగ కత్తిరించడం కాళ్ల నొప్పులకే.

మరి కోయాక్స్‌తోనే అయిపోతుంటే ఇంకో లైను ఎందుకు? ఒకే బ్యాండుకి ఒకే తీగ అయితే నిజంగానే అక్కర్లేదు. చిక్కు ఎక్కడొస్తుందంటే, పెరట్లో ఉన్నది ఒకే తీగ, రాత్రి 80 పగలు 40 రెండూ దాంతోనే కావాలి. 3.6కి కత్తిరించిన 40 మీటర్ల డైపోల్ 7.1 దగ్గర పూర్తి తరంగం అవుతుంది. నడుమ ఇంపీడెన్స్ యాభై ఓమ్‌ల నుంచి ఎగిరి ఏ నాలుగు వేల చేరువకో పోతుంది. 50 ఓమ్‌ల కోయాక్స్‌కి అప్పుడు ఎస్‌డబ్ల్యూఆర్ 80. ఆర్‌జీ-58తో లెక్క కడితే 100 వాట్లలో తీగకు చేరేవి తొమ్మిది. మిగతా తొంభై ఒకటీ కేబుల్‌ని వేడిచేయడానికే. గదిలో ఎంత గొప్ప ట్యూనర్ పెట్టి మీటరుని 1కి దించినా ఆ తొమ్మిది తొమ్మిదే. మాక్స్‌వెల్ చెప్పిన మాటలో ‘నష్టం తక్కువున్నప్పుడు’ అన్న షరతు ఎంత ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది.

ఇప్పుడు అసలు నాయకుణ్ణి పిలుద్దాం. రెండు తీగలు పక్కపక్కన, నడుమ సమానమైన ఎడం, అక్కడక్కడా అడ్డ పుల్లలు. చూడ్డానికి నిచ్చెనలా ఉంటుంది కాబట్టి హామ్‌లు లాడర్ లైన్ అంటారు, ఓపెన్ వైర్ అనీ అంటారు. ఇది కోయాక్స్ కన్నా చాలా పాతది. రోడ్ల పక్కన, రైలుకట్ట వెంబడి పింగాణీ గుబ్బల మీద జంటలు జంటలుగా సాగిన టెలిఫోన్ తీగలు చూసినవాళ్లకు దీని సూత్రం కొత్త కాదు. ఒక తీగలో కరెంటు పైకి పోతున్న క్షణంలో రెండోదాన్లో సరిగ్గా అంతే కరెంటు కిందికి వస్తుంది. దూరంనుంచి చూస్తే రెంటి ప్రభావం ఒకదాన్నొకటి కొట్టేస్తుంది, అందుకే లైను తాను రేడియేట్ చేయకుండా పవరంతా పైనున్న డైపోల్‌కి అప్పగిస్తుంది. నడుమ ఉన్నది గాలే కాబట్టి కాలేదీ లేదు, చెడేదీ లేదు. అదే నాలుగు వేల ఓమ్‌ల భారం మీద 30 మీటర్లు నడిచినా, కొనుక్కొచ్చిన మామూలు రిబ్బను రకం లాడర్ లైన్ కూడా 92 వాట్లు చేర్చేస్తుంది. తొమ్మిదెక్కడ, తొంభై రెండెక్కడ!

చేత్తో చేసినది ఇంకా మేలు. ఇక్కడి లెక్క నాకు మహా ఇష్టం. ఈ లైను స్వభావాన్ని నిర్ణయించేవి రెండే కొలతలు, తీగ లావు, తీగల మధ్య ఎడం. ఎడాన్ని రెట్టింపు చేసి, తీగ వ్యాసంతో భాగించి, లాగరిథం తీసి 276తో గుణిస్తే ఇంపీడెన్స్ వస్తుంది. 14 గేజి రాగి తీగ వ్యాసం 2 మిల్లీమీటర్లు. ఆరంగుళాల ఎడం అంటే 15 సెంటీమీటర్లు. భాగిస్తే 150, లాగరిథం 2.18, గుణిస్తే సరిగ్గా 600 ఓమ్‌లు. ఏ మోటారు వైండింగ్ షాపులోనైనా దొరికే తీగా, స్కూలు స్కేలంత అడ్డ పుల్లా కలిస్తే పాతకాలపు రేడియో పుస్తకాలన్నీ చెప్పే 600 ఓమ్‌ల లైను తయారవుతుంది. ఎడం ఒక అంగుళం అటూ ఇటూ అయినా ఇంపీడెన్స్ పెద్దగా కదలదు, లాగరిథం ఆ తప్పుల్ని మింగేస్తుంది. చేతిపనిని ఇంత క్షమించే వస్తువు రేడియోలో ఇంకోటి లేదు.

వైండింగ్ షాపన్నాను కదా, కృష్ణా డెల్టాలో పంపుసెట్ల పుణ్యమా అని అవి లేని ఊరు లేదు. ఎనామిల్ పూసిన రాగి తీగ తూకానికి ఇస్తారు. 14 గేజి మీటరు 29 గ్రాములు. పది మీటర్ల లైనుకి రెండు తీగలూ కలిపి 580 గ్రాములు, ముక్కలకీ మెలికలకీ వేసుకుంటే ఆరేడు వందలు. ఎనామిల్ ఊడకుండా చూసుకుంటే ఉప్పుగాలి రాగిని తొందరగా తినదు. బందరు సముద్రం ఇక్కడికి ఎంతో దూరం లేదు, తూర్పుగాలి వీచిన రోజున ఇనుప కిటికీ చువ్వల్ని అడిగితే చెబుతాయి.

అడ్డ పుల్లలే అసలు పనితనం. వెనకటి హామ్‌లు చెక్క పుల్లల్ని మైనంలో ఉడికించి వాడేవారు, తేమ లోపలికి పట్టకుండా. మనకు వెదురు బద్ద ఉంది, ఎలక్ట్రికల్ కొట్టులో పీవీసీ కాండ్యూట్ పైపు ఉంది. పైపునే తీసుకుందాం. 17 సెంటీమీటర్ల ముక్కలు కోసి, రెండు చివర్లా ఒక్కో సెంటీమీటరు లోపలికి, సరిగ్గా 15 ఎడంతో రంధ్రాలు వేయాలి. తీగ పట్టేంతే రంధ్రం, వదులు ఉండకూడదు. తీగని రంధ్రంలోంచి పోనిచ్చాక అది అక్కడే నిలబడదు, గాలికి ఊగి ఊగి పుల్ల కిందికి జారుతుంది. అందుకని రంధ్రానికి అటూ ఇటూ సన్నతీగతో నాలుగు చుట్లు బిగించి కట్టాలి. పుల్లకి రెండు రంధ్రాలు, రంధ్రానికి రెండు కట్లు. అరవై సెంటీమీటర్లకో పుల్ల చొప్పున పది మీటర్లకు పదహారు పుల్లలు, అరవై నాలుగు కట్లు. వసారాలో కూర్చుని చేసుకునే ఒక సాయంత్రం పని. బాగా చేసినవాడి లైనుని కిందినుంచి చూస్తే పుల్లలన్నీ ఒకదానికొకటి సమాంతరంగా, ఏ ఒక్కటీ వాలిపోకుండా ఉంటాయి. అల్లికలో తొందరపడ్డవాడి లైనుని మొదటి ఈదురుగాలే పట్టిచ్చేస్తుంది.

ఇంకా రెండు సూక్ష్మాలు. వేలాడదీసేటప్పుడు రెండు మూడు మీటర్లకో మెలిక తిప్పాలి. రిబ్బనులా చదునుగా వదిలేస్తే గాలికి రెపరెపలాడి నడిమి ఇన్సులేటర్ దగ్గర తీగ అలసిపోయి తెగుతుంది. తెగేది ఎప్పుడూ అక్కడే, తీగ వంగి వంగి బిరుసెక్కే చోటే. అందుకే ఇన్సులేటర్ కంతలోంచి లైను తీగని ఒకసారి దూర్చి ముడివేసి, బరువంతా ఆ ముడి మోసేలా చేసి, డైపోల్‌తో కలిపే అతుకుని మాత్రం వదులు వంపుతో ఉంచాలి. అతుకు కరెంటు మోయాలి గానీ బరువు మోయకూడదు. ఈ ఒక్క అతుకు చూస్తే చాలు, కట్టినవాడి చేయి ఎలాంటిదో చెప్పేయొచ్చు.

ఇప్పుడు పొడవు. లైను పొడవుతో పనేముందని అనిపిస్తుంది గానీ ఇక్కడ భలే కలిసొచ్చే సంగతి ఒకటుంది. 7.1 దగ్గర పావు తరంగం, గాలి లైనులో కొద్దిపాటి నిదానాన్ని కలుపుకుని, 10.25 మీటర్లు. పది మీటర్ల ఎత్తున కట్టిన డైపోల్ నుంచి నేలదాకా వేలాడదీస్తే ఇంచుమించు అంతే! పావు తరంగం లైను ఇంపీడెన్స్‌ని తలకిందులు చేస్తుంది. పైన నాలుగు వేల ఓమ్‌లుంటే అడుగున 600ని 600తో గుణించి నాలుగు వేలతో భాగించినంత, అంటే 90 ఓమ్‌లు. కోయాక్స్ హాయిగా పట్టుకునే అంకె. అదే లైను 3.6 దగ్గర పైన యాభై ఓమ్‌లకి అడుగున సుమారు 95 ఓమ్‌ల నిరోధాన్నీ, దానితోపాటు 570 ఓమ్‌ల ఇండక్టివ్ రియాక్టెన్స్‌నీ చూపిస్తుంది. ఒక్కో తీగలో 155 పికోఫారడ్ల కండెన్సర్ వరుసలో వేస్తే రియాక్టెన్స్ కొట్టుకుపోయి 95 మిగులుతుంది. పగలు కండెన్సర్లను షార్ట్ చేసి 40, రాత్రి తెరిచి 80. ఇదంతా కాగితం లెక్క. పెరట్లో నల్లరేగడి తడినీ, గోడల్నీ, చెట్టు ఊపునీ బట్టి కాస్త మారుతుంది కాబట్టి కండెన్సర్లు తిప్పగలిగేవైతే మంచిది. ఏడు వాట్ల సెట్టయితే పాత వాల్వు రేడియోల్లో ఊడదీసిన గ్యాంగులు రెండు చాలు. వంద వాట్లయితే ఒక్కో కండెన్సర్ మీద నాలుగు వందల వోల్టుల దాకా పడుతుంది, ప్లేట్ల ఎడం చూసుకోవాలి.

బ్రిటిష్ హామ్ లూయీ వార్నీ 1946లో చేసిన జీ5ఆర్‌వీ యాంటెనాలోనూ లైను పొడవు ఇదే, 34 అడుగులు, అంటే 10.36 మీటర్లు. ఆయన దాన్ని 14 మెగాహెర్ట్జ్‌లో సగం తరంగంగా లెక్కవేశాడు, 31 మీటర్ల తీగకి. తర్వాతివాళ్లు దాన్ని అన్ని బ్యాండ్లకూ మంత్రంలా వాడి, పని చేయని బ్యాండ్లలో ఆయన్నే తిట్టుకున్నారు. మంచి డిజైనుకి పట్టే గతి ఇది.

నిచ్చెన తీగకి మొండి గుణాలూ ఉన్నాయి. ఇనుముని దగ్గరికి రానీయదు. మన ఇళ్లకేమో కిటికీ నిండా చువ్వలు. లైను ఇనుప చువ్వలకి కనీసం ముప్పై నలభై సెంటీమీటర్లు దూరంగా నడవాలి, నేల మీద పడేయకూడదు, గోడలో పూడ్చకూడదు. అందుకే గదిదాకా దాన్ని తీసుకురావాలని పట్టుబట్టడం అనవసరం. డైపోల్ నడిమి నుంచి తిన్నగా దిగిన పది మీటర్లూ నిచ్చెన, దాని అడుగున ఒక పెట్టె, ఆ పెట్టెనుంచి గదికి మామూలు కోయాక్స్. పెట్టెలో కండెన్సర్లతోపాటు ఒక చోక్ ఉండాలి. కోయాక్స్ వల లోపలి ముఖం ఒక తీగ, బయటి ముఖం ఇంకో తీగ. 3.6 మెగాహెర్ట్జ్ కరెంటు రాగిలోకి 35 మైక్రాన్ల లోతుకి మించి పెద్దగా దిగదు కాబట్టి రెండు ముఖాలకీ పరిచయమే లేదు. ఆ బయటి ముఖం మీదుగా ఇంట్లోని ఎల్ఈడీ బల్బుల, ఇన్వర్టర్ల రొద యాంటెనాదాకా ఎక్కేస్తుంది. కేబుల్‌ని ఫెరైట్ రింగు చుట్టూ పది పన్నెండు చుట్లు తిప్పితే ఆ దారి మూసుకుంటుంది. కేబుల్‌నే ప్లాస్టిక్ పైపు మీద ఉండలా చుట్టేసే చిట్కా పై బ్యాండ్లలో నడుస్తుంది గానీ 80 మీటర్లకి చాలదు, ఫెరైట్ కావాలి. చోక్ వేశాక రొద తగ్గడం చెవికి తెలిసిపోతుంది.

కేబుల్ టీవీవాళ్ల ఆర్‌జీ-6 గురించి చాలామంది అడుగుతారు. అది 75 ఓమ్‌లది, డైపోల్ స్వతహాగా 73 ఓమ్‌లు కోరే మనిషి, జత బాగానే ఉంటుంది. చవక, ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. కానీ దాని నడిమి తీగ ఎక్కువగా ఉక్కు, పైన ముప్పై మైక్రాన్ల రాగి పూత. 200 మెగాహెర్ట్జ్‌కి ఆ పూత ఎక్కువే, 3.6కి చాలదు, కరెంటు ఉక్కులోకి దిగి నష్టం పెరుగుతుంది. 40 మీటర్లకు ఫరవాలేదు, 80కి సర్దుకోవచ్చు, 160కి వద్దు. అసలు ఇబ్బంది దాని అల్యూమినియం వల. టంకం పట్టదు, రాగితో కలిపిన చోట ఉప్పుగాలికి తెల్లటి పొడిగా రాలిపోతుంది.

ఈ డెల్టాలో కోయాక్స్‌కి అసలు శత్రువు నీళ్లు. పైన డైపోల్ నడుమ విప్పి కట్టిన చోట నీటిచుక్క దొరికితే చాలు, దీపం వత్తి నూనె పీల్చినట్టు రాగి వల దాన్ని మీటర్ల కొద్దీ లోపలికి లాక్కుంటుంది. బయటికి కేబుల్ కొత్తగానే ఉంటుంది, లోపల వల నల్లబడి పవరు మింగుతుంటుంది. సాగదీసి చుట్టే రబ్బరు టేపు, దానిపైన నల్ల టేపు, కేబుల్ గదిలోకి వచ్చేముందు నీరు కారిపోయేలా ఒక కిందివంపు, ఈ మూడూ మానకూడదు. నిచ్చెన తీగలో దాక్కునే చోటే లేదు. వాన వెలిశాక గాలికి ఆరిపోతుంది.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమని ముంచెత్తినప్పుడు ఈ వైపు స్తంభాలూ తీగలూ కూలి ఊళ్లకు ఊళ్లే మాట లేకుండా పోయాయి. అప్పటికి హైదరాబాద్‌లో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ లేదు, అది 1983లో వచ్చింది. 2004 డిసెంబరులో అండమాన్‌లో సునామీ వచ్చినప్పుడు ఆ సంస్థ తరఫున పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న భారతీ ప్రసాద్ బృందం హామ్ రేడియో మీదే కబుర్లు దాటించింది. తుపాను దారిలో ఇల్లున్నవాడు లైను ఎంచుకునేటప్పుడు డెసిబెల్స్ ఒక్కటే చూడకూడదని నేననేది ఇందుకే. కొబ్బరిచెట్టు కూలి కోయాక్స్ చిట్లితే కొత్తది కొరియర్లో రావాలి. నిచ్చెన తెగితే రెండు చివర్లు గీకి, మెలేసి, టంకం పెట్టి అరగంటలో మళ్లీ ఎక్కించొచ్చు. పుల్ల విరిగితే వెదురు బద్ద ఉంది.

కాబట్టి నా తీర్పు ఇది. ఒకే బ్యాండు చాలనుకునేవాళ్లు నిశ్చింతగా మంచి రాగి వల ఉన్న కోయాక్స్ కొనుక్కుని, పైన ఒక చోక్ పెట్టి, అతుకులకి టేపు చుట్టి ఊరుకోండి. ఎస్‌డబ్ల్యూఆర్ 2 దాటకపోతే చెట్టెక్కకండి. రెండు బ్యాండ్లు కావాలంటే నిచ్చెన అల్లండి. ఏది కట్టినా వేసవి ఉరుములకి ముందే లైను ఊడదీసి బయట ఎర్త్ కడ్డీకి కలపండి. రేడియో ఆన్ చేసి మాట్లాడేముందు కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ విభాగం పెట్టే పరీక్ష పాసై లైసెన్సు తీసుకోవాలి. అది లేకుండా ప్రసారం చేయడం నేరం.